చెట్టు కింద పచ్చ వల

తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే రోడ్డు దిగి, చెరువు కట్ట మీదుగా లోపలికి పోతే మద్దులగూడెం వస్తుంది. ఊరి వెనక మిర్చి చేలు, చేల వెనక అడవి. అక్కడ ఎవరినైనా కొంగల నాగలత ఇల్లెక్కడ అని అడగండి, చెయ్యి చూపిస్తారు. చూపించి ఊరుకోరు, ఆమె నోటికి కాస్త జడిసి మాట్లాడమని కూడా చెబుతారు. కాదనడానికేం లేదు, నాగలత నోరు పెద్దదే. పాలవాడి దగ్గర్నుంచి పంచాయతీ కార్యదర్శి దాకా ఆ నోటికి దొరకని మనిషి ఊళ్లో లేడు. అలాంటి మనిషికి కాలు ఒకచోట నిలవకుండా, తిన్నది ఒంటబట్టకుండా పోయిన కాలం ఒకటుంది. అదీ ఎప్పటిదో కాదు, మొన్నటి ఉగాది ముందటి మాట.

నాగలత పుట్టింది మధిర దగ్గర. మద్దులగూడెం కోడలై పాతికేళ్లు దాటింది. అత్తింటివాళ్ల తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ నల్లరేగడి కొనుక్కుని స్థిరపడ్డారు. అందుకే వాళ్ల వీధిని ఊరు ఇప్పటికీ ఆంధ్రోళ్ల బజారనే అంటుంది. భర్త అనిల్‌కుమార్‌కు ఒక వ్యాను ఉంది. భద్రాచలం, పర్ణశాల పోయే భక్తులకు కిరాయికి తిప్పుతాడు. మాట తక్కువ మనిషి. ఇంట్లో ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేస్తుంది కాబట్టి ఆ లోటు ఎవరికీ తెలియలేదు.

ఇక చెట్టు సంగతి. ఇంటి వెనక పెరట్లో ఒక చింతచెట్టు ఉంది. ఇద్దరు మనుషులు చేతులు చాపి పట్టుకున్నా అందనంత మాను. ఒకప్పుడు ఊళ్లో అలాంటివి చాలా ఉండేవి. రోడ్డు వెడల్పులో కొన్ని పోయాయి, కొత్త ఇళ్లకు అడ్డమని కొన్ని పోయాయి, ఇదొక్కటి మిగిలింది. ఏటా మాఘమాసం వెళ్లేలోపు దాని మీదికి ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. మనిషి నడుముదాకా వచ్చే పక్షులు. పసుపుపచ్చ ముక్కు, నల్లచారల తెల్లరెక్కలు, తోక దగ్గర మాత్రం ఎవరో గులాల్ చల్లినట్టు లేత గులాబీ రంగు. టీవీ వాళ్లొచ్చి ఇవి సైబీరియా నుంచి వచ్చాయని చెప్పి పోయారు. ఆ తర్వాత ఫారెస్టు ఆఫీసరు వచ్చి కాదమ్మా, ఇవి మన దేశం కొంగలే, చెరువుల్ని బట్టి తిరుగుతుంటాయి అన్నాడు. నాగలత రెండూ విని, యాడికెళ్లి వస్తే ఏంది, వచ్చేది మా ఇంటికి కదా అని తేల్చేసింది.

ఆ ఊళ్లో కొంగ రావడమంటే ఆడబిడ్డ పురిటికి పుట్టింటికి రావడం. వచ్చేది గుడ్లు పెట్టుకోవడానికీ పిల్లల్ని పెంచుకోవడానికే కదా. ముందు రెండో మూడో వస్తాయి, చెట్టు చుట్టూ తిరిగి చూసుకుంటాయి, దిగుతాయి. నచ్చితే మర్నాటి నుంచి మిగతావి వస్తాయి. మొదటి కొంగ కొమ్మ మీద కాలు పెట్టిన ఘడియ నుంచి చెట్టుకు నిచ్చెన వెయ్యకూడదు, తాడు కట్టకూడదు, గడకర్ర తగిలించకూడదు. చింతకాయ పండి రాలితే ఏరుకోవాలే తప్ప దులపకూడదు. పెళ్లి బాజా కూడా వీధి మొదట్లోనే ఆగిపోతుంది. ఆ రోజు ఇంటి ఆడది పసుపు కలిపిన బియ్యం తెచ్చి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ ఒడిలో పోసినట్టు చెట్టు మొదట్లో ఒడిబియ్యం పోస్తుంది. నాగలత అత్తగారు భారతమ్మ బతికున్నన్నాళ్లూ ఆ పని ఆమె చేసింది. ఆమె పోయాక నాగలత చేస్తోంది. తల్లి చిన్నప్పుడే పోయి తనకు పుట్టిల్లన్నది లేని మనిషి కనుక, వేరొకరికి పుట్టిల్లు కావడంలో ఉన్న సుఖం ఆమెకు బాగా పట్టింది. కొంగలొచ్చిన నెలల్లో ఆమె నడకే మారిపోయేది.

పంపకాలప్పుడు వచ్చింది చిక్కు. పాత ఇల్లు పెద్దవాడు అనిల్‌కూ, పెరడూ దాని పక్క కొత్తగా కట్టిన డాబా ఇల్లూ తమ్ముడు వెంకటకృష్ణకూ వచ్చాయి. పెరటితోపాటు చెట్టు కూడా అతనిదైపోయింది. వెంకటకృష్ణ చెడ్డవాడేం కాదు. కోత మిషను ఒకటి కొన్నాడు. అది ఎండకూ వానకూ రోడ్డు పక్కన నిలబడి తుప్పు పడుతోంది. దానికి షెడ్డు వెయ్యాలి. దానికి తోడు భార్య లిఖితకు ఆయాసం. కొంగలు తెచ్చే చేపల నీచూ రెట్టల కంపూ కలిసి ఎండాకాలం ఆ పెరడు ఎలా ఉంటుందో అక్కడ ఉండేవాళ్లకే తెలుసు. ఆ నాలుగు నెలలూ లిఖిత కిటికీలన్నీ మూసుకుని, లోపల ఉడికిపోతూ, రెండు ముద్దలు కూడా తినలేక ఖమ్మం దవాఖానాల చుట్టూ తిరుగుతుంది. అతను చెట్టు కొట్టిస్తానన్నాడు. నాగలత పెరట్లో అడ్డం నిలబడి, ముందు నన్ను కొయ్యి అంది. వీధి వీధంతా చేరింది.

చివరికి ఊరి పెద్ద వెంకటప్పయ్య ఇద్దరినీ కూర్చోబెట్టాడు. వెంకటకృష్ణ నలుగురి ముందూ ఒక మాట అన్నాడు. ఉగాది వెళ్లేలోపల కొంగలు చెట్టు మీద దిగితే తాను బతికున్నంత కాలం దాని జోలికి రాడు. దిగకపోతే మర్నాడే రంపం మిషను వస్తుంది, అప్పుడు వదిన నోరెత్తకూడదు. నాగలత నవ్వేసింది. కొంగలు రాని సంవత్సరం తాను ఎరగదు. రాక ఎక్కడికి పోతాయి? సరేనంటే సరే అంది. ఊరు విన్నది, ఎవరిళ్లకు వాళ్లు పోయారు.

ఈ ఒప్పందం జరిగేనాటికి ఆమె మనసులో ఇంకో దిగులు ఉంది. అంతకుముందు ఎండాకాలం పెద్ద గాలిదుమారం వచ్చి గూళ్లు ఒరిగిపోయాయి. రెక్కలు రాని పిల్లలు అంతెత్తు నుంచి నేల మీద పడ్డాయి. కాళ్లు విరిగినవి, మెడ వాలిపోయినవి. నాగలత వాటిని పశువుల కొట్టంలోకి చేర్చింది, చెరువు దగ్గర చిన్న చేపలు అడుక్కొచ్చి నోట్లో పెట్టింది, పసుపు రాసింది, కట్లు కట్టింది. ఒకటీ అరా తప్ప బతకలేదు. తల్లికొంగలు పైనుంచి కిందికి చూడటం, దిగి రాలేకపోవడం ఆమెకు కళ్లల్లో నిలిచిపోయింది. అన్నం ముందు కూర్చున్నా అదే గుర్తొచ్చేది. మళ్లీ ఆ చూపు తాను చూడలేననుకుంది.

అందుకే ఈ ఏడు చెట్టు కింద వల కట్టాలని పట్టుబట్టింది. పిల్ల జారినా నేల మీద పడకుండా వలలో పడుతుంది కదా. కొంగలు దిగాక కట్టడానికి ఊరి కట్టుబాటు ఒప్పుకోదు. కట్టేదేదో అవి రాకముందే కట్టాలి. తల్లాడలో టెంట్‌హౌస్ నడిపే షుకూర్ దగ్గరికి పోయింది. షుకూర్ తాతల నాటి నుంచీ గుడారాలూ పట్టాలూ కుట్టేవాళ్లు. మిర్చి నారుమళ్ల మీద కప్పే పచ్చ వల ముక్కలు తెచ్చి, ఒకదానికొకటి కుట్టి, సరుగుడు కర్రలు పాతి, కింది కొమ్మలకు నైలాన్ తాడుతో బిగించి కట్టాడు. ఏనుగు పడ్డా ఊడదక్కా అని చెప్పి పోయాడు. పుష్యమాసంలోనే పని పూర్తయింది. ఎవరో ఫొటో తీసి ఊరి గ్రూపులో పెట్టారు. నాగలతకు దండాలు పెట్టిన బొమ్మలు వచ్చి పడ్డాయి. ఆమె పైకి విసుక్కుంది గానీ లోపల పొంగిపోయింది, ఏ మాటకా మాట చెప్పుకోవాలి.

మాఘం సగమైంది. ఒకనాటి పొద్దున చెరువు వైపు నుంచి మూడు కొంగలు మెడలు చాపి వచ్చాయి. నాగలత పసుపు బియ్యం కలుపుకొచ్చి గుమ్మంలో నిలబడింది. అవి చెట్టు చుట్టూ తిరిగాయి. ఒకసారి కిందికి వచ్చాయి. మళ్లీ లేచాయి. ఇంకో చుట్టు తిరిగి, వచ్చిన దారినే పోయాయి. ఆమె బియ్యం పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది. అలసిపోయి ఉంటాయి, నీళ్లకు పోయి ఉంటాయి, రేపు వస్తాయి అనుకుంది. రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు.

అక్కడినుంచి ఆమె కాలుగాలిన పిల్లి అయిపోయింది. పొయ్యి మీద పప్పు పెట్టి పెరట్లోకి పరుగెత్తేది, పప్పు అడుగంటేది. బట్టలు సగం ఉతికి బకెట్లో వదిలేసేది. పక్కింటి కుక్కరు కూత వేస్తే గోడ మీదుగా కేకేసేది, ఆ కూతకే కొంగలు బెదురుతున్నాయని. ట్రాక్టరు వీధిలోకి వస్తే అడ్డం నిలబడేది. ఒక పెళ్లివారి డీజే బండిని ఊరి బయటే ఆపించి, పెళ్లికొడుకు చేత తిట్టించుకుని, వాణ్ని రెండింతలు తిట్టి పంపింది. అన్నం పెడుతూ పెడుతూ గరిటె అక్కడే పడేసి బయటికి పోయే భార్యను చూసి అనిల్ తనకు కావలసింది తానే వడ్డించుకోవడం నేర్చుకున్నాడు. కిరాయిలు లేకపోయినా వ్యాను తీసుకుని రోడ్డెక్కేవాడు.

ఊరు ఊరికే ఉంటుందా? సెల్ టవర్ పెట్టాక పక్షులు రావడం మానేశాయన్నారు కొందరు. చెరువులో చేపలు తగ్గాయన్నారు కొందరు. చెట్టు పంపకానికి పెడితే ఆడబిడ్డలు అలగరా అని ఒక ముసలామె అంది. ఆ మాట తిరిగి తిరిగి నాగలత చెవిన పడింది. ఆ రోజు ఆమె ఎవరితోనూ పోట్లాడలేదు. దాంతో అనిల్‌కు నిజంగా భయమేసింది.

శివరాత్రి వెళ్లాక మళ్లీ వచ్చాయి. ఈసారి ఐదారు. మళ్లీ అదే వరస. చుట్టూ తిరగడం, కిందికి రావడం, ఏదో చూసినట్టు లేచిపోవడం. నాగలత చెట్టు మొదట్లో దాక్కుని చూసింది. తన నీడకే జడుస్తున్నాయేమోనని ఇంట్లోకి పోయి తలుపు సందులోంచి చూసింది. ఇంట్లో ఉన్నా అంతే, బయట ఉన్నా అంతే.

వాటిని మరోచోట చూసింది కూడా. భద్రాచలం కిరాయికి పోయి, భక్తుల్ని ఖమ్మంలో దించి వచ్చిన అనిల్ ఒక సాయంత్రం వైరా రిజర్వాయర్ పక్కన కొంగలు చూశానని చెబితే, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వ్యానెక్కి తీసుకుపొమ్మంది. కట్ట మీద నుంచి చూస్తే లోతులేని నీళ్లలో బారులు తీరి నిలబడి ఉన్నాయి. ముక్కు సగం తెరిచి నీళ్లలో అటూ ఇటూ తిప్పుతూ చేపల్ని వెతుక్కుంటున్నాయి. అవే. రెక్కలవే, రంగదే. ఇంతదూరం వచ్చినోళ్లు ఇంటికి రాలేరా అని నాగలత కట్ట మీద నుంచి పైకే అడిగింది. పక్కన చేపలు పట్టుకునేవాళ్లు తిరిగి చూశారు. అనిల్ ఎప్పుడో గానీ మాట్లాడడు కదా, అప్పుడు మాట్లాడాడు. పోయినేడు నువ్వేమైనా తిట్టి పంపినవేమో అన్నాడు నవ్వించాలని. ఆమె నవ్వలేదు. తిరిగి వచ్చేదాకా వ్యానులో కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఏం తప్పు చేశానో ఒక్కటి చెప్పినా సరిపోయేది అని మధ్యలో ఒకసారి అంది, అదీ భర్తతో కాదు.

ఉగాది ముందు రోజు వచ్చింది. ఊళ్లో గడపలకు పసుపు రాస్తున్నారు, మామిడాకులు కోస్తున్నారు. నాగలత వేపపువ్వు కూడా తేలేదు. పెరటి గుమ్మంలో మెట్టు మీద కూర్చుని చెట్టు వైపు చూస్తోంది. గాలికి పచ్చ వల ఉబ్బి మళ్లీ దిగుతోంది. వెంకటకృష్ణ డాబా మెట్లు దిగి వచ్చాడు. వాళ్లిద్దరికీ మాటల్లేక నెలలైంది. వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"వదినా, ఆ వల విప్పు" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. తాను ఓడినట్టే కదా, ఎల్లుండి రంపానికి అడ్డమని ఇప్పుడే తియ్యమంటున్నాడనుకుంది. ఒక్క రోజు ఆగలేవా అని నోరు తెరవబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెట్టు కోసం కాదు. కొంగలు దానికే బెదురుతున్నయ్. మొదటిసారి వచ్చినప్పుడు నేను డాబా మీదున్న. దిగుదామని కాళ్లు కిందికి వదిలినయ్. అంతల గాలికి వల లేచింది. గంతే, మళ్లీ పైకి పోయినయ్. రెండోసారీ గట్లనే అయింది."

నాగలత వల వైపు చూసింది. చూస్తూనే ఉంది. వల అంటే పక్షికి ఏమిటో ఆమెకు తెలియక కాదు. కొన్నేళ్ల కింద చెరువు కట్ట మీద వలలు పన్ని పిట్టల్ని పట్టేవాళ్లను చీపురు పట్టుకుని ఊరు దాటించింది తానే. కానీ అవి పట్టుకునే వలలు, ఇది కాపాడే వల అనుకుంది. ఆ తేడా పైనున్న వాటికి ఎవరు చెప్పాలి? తాను నారుమళ్ల వల అనుకున్నది వాటికి వలే. ఆడబిడ్డ వచ్చే గుమ్మంలో తన చేత్తోనే ఉచ్చు వేసి, పసుపు బియ్యం పట్టుకుని నిలబడింది.

"ఎప్పటిసంది తెలుసు నీకు?" అంది.

"మొదటి రోజే తెలుసు."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నవ్?"

"రంపం మిషనోడికి పొద్దున ఫోన్ చేసిన. ఎల్లుండి వస్తనన్నడు. ఆ మాట విన్నకాడ్నించి ముద్ద దిగుతలేదు. వాటంతట అవే రాకపోతే కొట్టిస్త, నాకేం బాధ లేదు. నీ వల చూసి పోతే కొట్టించుడు నాతోటి కాదు."

అప్పుడు లేచింది నాగలత. ఆమె ఎంత తిట్టిందో ఆంధ్రోళ్ల బజారు మొత్తం విన్నది, ఎందుకు తిడుతోందో మాత్రం ఎవరికీ తెలియలేదు. ఇన్ని రోజులు డాబా మీద నిలబడి తమాషా చూశావా అంది. నీ నోరు పడిపోయిందా అంది. తిట్టడం అయ్యాక ఆమె కత్తిపీట దగ్గరి చిన్నకత్తి తీసుకుని వల దగ్గరికి పోయింది. అతను సాయం పట్టబోతే చెయ్యి తోసేసింది. షుకూర్ కట్టిన ముడులు మరి! కర్రల దగ్గరివి కోసింది, కింది కొమ్మలవి కోసింది, వేళ్లు చీరుకుపోయాయి. దక్షిణం వైపు కొమ్మకున్న ఒక్క ముడి అందలేదు. నిచ్చెన వేసుకుని ఎక్కినా అందలేదు. దిగి కత్తి అతని చేతిలో పెట్టి పక్కకు తిరిగి నిలబడింది. వెంకటకృష్ణ ఎక్కి కోశాడు. వల మొత్తం కుప్పగా కింద పడింది.

ఉగాది రోజు ఆమె స్నానం చేసి, పచ్చడి నోట్లో వేసుకోకుండానే పెరట్లో కూర్చుంది. ఆకాశంలో గద్దలు తిరిగాయి. చెరువు వైపు తెల్లకొంగలు వచ్చి పోయాయి. ఎర్రకాళ్లవి రాలేదు. సాయంత్రం వెంకటప్పయ్య ఇంటి ముందు పంచాంగం చదివించి జనం ఇంకా లేవకముందే నాగలత అక్కడికి పోయింది. అందరూ గొడవకు వచ్చిందనుకుని సర్దుకుని కూర్చున్నారు.

"పెదనాన్నా, అనుకున్న గడువు అయిపోయింది. వల కట్టింది నేను, కొంగల్ని బెదిరించింది నేను. చెట్టు కృష్ణది. అతనేం చేసుకున్నా నేను నోరెత్తను" అంది.

మరిదికి ముందే తెలుసన్న మాట మాత్రం ఆమె నోట రాలేదు. చెబితే ఊరు అతన్ని ఏం చేస్తుందో ఆమెకు తెలుసు. గోడవారగా నిలబడ్డ వెంకటకృష్ణ చెవులు ఎర్రబడ్డాయి. అతను, రంపం మిషనతను భద్రాచలం కల్యాణానికి పోయాడట, నవమి అయ్యేదాకా రాడట, అప్పుడు చూద్దాం అన్నాడు. ఆ మిషనతను అంతకుముందే సెంటర్లో చెరుకురసం తాగుతూ అందరికీ కనబడ్డాడు. అబద్ధం చెప్పడం వెంకటకృష్ణకు ఎప్పుడూ చేతకాలేదు. వెంకటప్పయ్య మాత్రం మహా సీరియస్‌గా తల ఊపి, అవ్ మరి, కల్యాణం అంటే పోవాలె కదా అన్నాడు.

గడువు దొరికింది కదా, నాగలత కుదుటపడిందా అంటే లేదు. ఇంకా అన్యాయమైపోయింది. ఇంతకుముందు వల ఉంది, వల మీద నెట్టవచ్చు. ఇప్పుడు వల లేదు. ఇప్పుడు కూడా రాకపోతే? ఒకసారి ఉచ్చు చూసిన చోటికి మళ్లీ ఎందుకు వస్తాయి? రిజర్వాయర్ పక్కన ఏ తుమ్మచెట్టో చూసుకుని ఉంటాయి, గూడు కట్టుకుని కూడా ఉంటాయి. ఇలా అనుకుంటూ ఇంట్లోంచి పెరట్లోకీ, పెరట్లోంచి వీధిలోకీ తిరిగేది. భద్రాచలం పాదయాత్రకు పోయేవాళ్లు రోడ్డు మీద గుంపులు గుంపులుగా పోతుంటే, వాళ్లకు మజ్జిగ పోస్తూ కూడా తల పైకెత్తే ఉండేది. మజ్జిగ గ్లాసులో కంటే వాళ్ల చేతుల మీద ఎక్కువ పడేది.

నవమి ముందు రోజు కొంగలు వచ్చినప్పుడు మాత్రం ఆమె చూడనేలేదు. కూరగాయల ఆటో అతనితో వీధిలో నిలబడి, బెండకాయలు ముదిరినవి అంటగడుతున్నావని తగువు పెట్టుకుంది. ఇంటి వెనక టకటకమని ముక్కులు కొట్టుకున్న చప్పుడు వినబడింది. మాట మధ్యలో ఆగిపోయింది. పరుగెత్తింది. పై కొమ్మ మీద రెండు కొంగలు ఎదురెదురుగా నిలబడి, మెడలు ఎత్తి దించి, ముక్కులు తాటిస్తున్నాయి. ఇంకొకటి దిగుతోంది. కాళ్లు కిందికి చాపింది, రెక్కలు విప్పి ఆపుకుంది, కొమ్మ ఒక్కసారి వంగి లేచింది. నాగలత అక్కడే నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆటో అతను బెండకాయల కవరు పట్టుకుని వెనకాలే వచ్చి, ఆమె ఏడుపు చూసి హడలిపోయి, ఆ కవరు అక్కడే పెట్టి పోయాడు.

వెంకటకృష్ణ డాబా మీదికి వచ్చి చూశాడు. దిగి వెళ్లి, రోడ్డు పక్కన మిషను మీద ఒక పట్టా కప్పి, నాలుగు వైపులా రాళ్లు పెట్టి వచ్చాడు. లిఖిత ఎప్పటిలాగే కిటికీలన్నీ మూసుకుంది. ఒక వారం పోయాక పెరటి వైపుది మాత్రం కాస్త తెరిచి ఉండేది. ఆమె పైట ముక్కుకు అడ్డం పెట్టుకుని అక్కడ నిలబడటం నాగలత చూసింది గానీ అడగలేదు. రోజంతా ఇంట్లోనే ఉండే మనిషి, ఆమెకు కాలక్షేపం మాత్రం ఏముంది అనుకుంది.

ఈసారి ఆలస్యంగా వచ్చాయి కాబట్టి అన్నీ ఆలస్యమే. గుడ్లు పిల్లలయ్యేసరికి ఎండలు ముదిరిపోయాయి. చెట్టు నిండా గూళ్లు, గూళ్ల నిండా బూడిదరంగు పిల్లలు. తల్లి వస్తే ఒకటే అరుపులు. నాగలత సంతోషంగా ఉండాల్సింది. ఉండలేకపోయింది. ఉక్కపోస్తే చాలు, ఆకాశం వైపు చూసేది. మబ్బు ముక్క కనబడితే చేతిలో పని వదిలేసేది. కింద వల లేదు. ఇక కట్టడానికీ లేదు. రమ్మని ఏడ్చి పిలిచింది తానే, పడేటప్పుడు చూడాల్సిందీ తానే. ఈ మాట ఒకసారి అనిల్‌తో అంటే అతను ఈసారి గాలి రాదులే అన్నాడు. అది అతనూ నమ్మలేదు.

గాలి వచ్చింది. రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం అడవి వైపు ఎర్రగా దుమ్ము లేచి, చూస్తుండగానే ఊరి మీద పడింది. రేకులు లేచాయి, కరెంటు పోయింది. నాగలత అనిల్‌ను కేకేస్తూ పెరట్లోకి పరుగెత్తింది. కళ్లలో దుమ్ము పడి ముందు ఏమీ కనబడలేదు. తుడుచుకుని చూస్తే చెట్టు కింద లిఖిత ఉంది. ముక్కుకూ నోటికీ చున్నీ గట్టిగా చుట్టుకుంది. మంచం మీది మందపాటి దుప్పటి చేతుల్లో ఉంది. ఒక కొస అప్పటికే వెంకటకృష్ణ పట్టుకుని ఉన్నాడు.

నాగలత ఆగిపోయింది. కట్టుబాటు, చెట్టుకు ఏదీ కట్టకూడదు అని ఏదో అనబోయింది.

"చెట్టుకు కట్టొద్దన్నరు అక్కా, మనం పట్టుకుంటే ఏం?" అంది లిఖిత. దగ్గు ఆమెను మాట పూర్తి చెయ్యనివ్వలేదు. ఒక చేత్తో గుండె పట్టుకుని, రెండో చేత్తో దుప్పటి కొస నాగలతకు అందించింది.

నలుగురూ నాలుగు మూలలు పట్టారు. పైన చెట్టు చెట్టంతా ఊగుతోంది. తల్లికొంగలు రెక్కలు విప్పి గూళ్ల మీద పరుచుకుని కూర్చున్నాయి. ఉత్తరం కొమ్మ మీది గూటి అంచు విరిగి పుల్లలు రాలాయి. వాటి వెనకాలే ఒక పిల్ల వచ్చింది. దుప్పటి ఒక్కసారి కిందికి గుంజింది, చేతులు జారబోయాయి. పిల్ల దుప్పటి మధ్యలో పడి, లేచి, నోరు తెరిచి నాగలత వైపు చూసి అరిచింది. బతికే ఉంది.

"కృష్ణా, నీ కొస జారుతుంది, ఎత్తి పట్టు" అని అరిచింది నాగలత. ఉగాది తర్వాత అతనితో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. అతను మోచేతులదాకా చుట్టుకుని ఎత్తి పట్టాడు. లిఖిత దగ్గుతూనే ఉంది, కొస వదల్లేదు. అనిల్ పిల్లను జాగ్రత్తగా తీసి గోడవారన గంపలో పెట్టి మళ్లీ వచ్చి తన మూల అందుకున్నాడు. పైన దక్షిణం వైపు ఇంకో గూడు ఒరిగింది. నలుగురూ తలలెత్తి, దుప్పటి బిగించి, ఒక్కసారే అటు జరిగారు.